మట్టి పావురమూ, నిజం పావురమూ

"మామయ్యా! మట్టి పావురాల్ని కొట్టడం వచ్చినవాడు నిజం పావురాల్ని కొట్టాలంటే యెన్నాళ్ళు సాధన చెయ్యాలి?"

మా మేనల్లుడు ఈ ప్రశ్న వేసినప్పుడు నేను నాచారంలో మా యింటి బాల్కనీలో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. ఎదురుగా పిట్టగోడమీద రెండు పావురాలు మెడలు నిక్కించి మా మాటలు వింటున్నట్టే కూర్చున్నాయి.

వాడు ఇంజనీరింగు చదువుతున్నాడు. వారానికొక రోజు వూరికి ఆ చివరనున్న గచ్చిబౌలికి వెళ్ళి, అక్కడి విశ్వవిద్యాలయం ఆవరణలోని షూటింగు రేంజిలో తుపాకి సాధన చేస్తాడు. పాతిక బిళ్ళల్లో యిరవై దాకా పగలగొడతాడట. అమెరికాలో చదువుకుంటున్న స్నేహితుడొకడు, "సెలవులకు రా. ఇక్కడ ప్రాణమున్న పిట్టలమీదే పోటీలు పెడతారు. నీ చేతివాటం చూపిద్దువుగాని" అని రాశాడట. నేర్పే ఆయన్ని అడిగితే కసిరి పంపాడు. తెలుగు పాఠాలు చెప్పుకునే మేనమామ కసరడు గదా అని నా దగ్గరికి వచ్చాడు.

నాకు తుపాకి సంగతి తెలియదు. మాటల సంగతి కాస్తో కూస్తో తెలుసు. అందుచేత ముందు మాటలనుంచే మొదలుపెట్టాను.

"పిట్ట లేని ఆటకు పావురమన్న పేరెందుకు వచ్చిందిరా?"

వాడికి తెలియదు. నేనూ ఆ రాత్రి కూర్చుని చదివి తెలుసుకున్నాను. ఈ ఆట మొదట నిజం పావురాలతోనే పుట్టింది. ఇంగ్లండులో గుంటలో పావురాన్ని పెట్టి, పైన పాత టోపీ బోర్లించి, దానికి తాడు కట్టి లాగేవారట. తరవాత టోపీకి బదులు మడతలుగా తెరుచుకునే పెట్టెలు వచ్చాయి. ఆ పెట్టెకు ట్రాప్ అని పేరు, అంటే బోను. కాల్చేవాడు "పుల్" అని అరిస్తే, అంటే "లాగు" అంటే, పక్కనున్నవాడు తాడు లాగేవాడు. ఈనాడు బిళ్ళను విసిరేది విద్యుత్ యంత్రం. తాడు లేదు, లాగేవాడు లేడు. అయినా ఆటపేరు ట్రాపే. చాలా దేశాల్లో అరిచే అరుపు "పుల్" అనే. బిళ్ళను "బర్డ్" అనే పిలుస్తారు. పిట్ట యెగిరిపోయింది, దాని పేరు మాత్రం బోనులోనే వుండిపోయింది.

1869లో లండనులో హర్లింగ్‌హామ్ క్లబ్బు పుట్టిందే పావురాల్ని కాల్చే వేడుక కోసం. అక్కడ 1905లో ఆ ఆట ఆగిపోయినా, క్లబ్బు చిహ్నంలో పావురం ఇప్పటికీ వుంది. 1900లో పారిస్ ఒలింపిక్సు సందర్భంగా నిజం పావురాలమీద పోటీ జరిగింది. బెల్జియం దేశస్థుడు లియాన్ ద లుండెన్ 21 పిట్టల్ని పడగొట్టి గెలిచాడు. మొత్తంమీద సుమారు మూడువందల పావురాలు చచ్చాయంటారు. నెత్తురూ ఈకలూ చూసి జనం యేవగించుకున్నారు కాబోలు, ఒలింపిక్సులో అటువంటి పోటీ మళ్ళీ జరగలేదు. ఇంగ్లండు 1921లో చట్టం చేసి, బంధించిన పిట్టల్ని వదిలి కాల్చడాన్ని మాన్పించింది.

పిట్టకు బదులేమిటి అన్న వెతుకులాట మరోపక్క జరుగుతూనే వుంది. మొదట గాజుబుడ్లు విసిరేవారు. కొందరు వాటిలో ఈకలు కూరేవారట, పగిలితే పిట్ట చచ్చినట్టే కనబడాలని! 1880లో అమెరికాలో సిన్సినాటి నగరంవాడు జార్జి లిగోస్కీ మట్టితో చిన్న మూకుడులాంటి బిళ్ళ చేశాడు. చెరువు నీటిమీద పిల్లలు ఆల్చిప్పలు విసురుతుంటే అవి జారుకుంటూ పోవడం చూసి అతనికా ఆలోచన తట్టిందని చెబుతారు. కాల్చిన మట్టి మరీ గట్టిగా వుండి, గుళ్ళు తగిలినా ఒక్కోసారి పగిలేది కాదు. క్రమంగా సున్నపురాతి పొడిలో తారులాంటి జిగురు కలిపి పెళుసు బిళ్ళలు చెయ్యడం నేర్చారు. ఇవాళ్టి బిళ్ళ 11 సెంటీమీటర్ల వెడల్పు, 105 గ్రాముల బరువు. అందులో మట్టి లేదు, పావురం లేదు. ఆ రెండు పేర్లూ మాత్రం వున్నాయి.

అదే అమెరికాలో వలసపావురమనే జాతి వుండేది. ఆకాశం కప్పుకుపోయేటంత గుంపులుగా యెగిరేది. తిండికోసం, అమ్మకానికి, తుపాకి పోటీలకు ఆ పిట్టల్ని లెక్కలేకుండా పట్టారు, చంపారు. అడవులూ నరికారు. ఆ జాతిలో ఆఖరి పిట్ట 1914 సెప్టెంబరు 1న సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో చచ్చిపోయింది. మట్టిపావురం పుట్టిన వూళ్ళోనే, అది పుట్టిన ముప్ఫైనాలుగేళ్ళకు!

మర్నాడు ఇదంతా చెబితే మేనల్లుడు శ్రద్ధగానే విన్నాడు. "సరే మామయ్యా, చరిత్ర బాగుంది. ఆటలో తేడా యేమిటో చెప్పు" అన్నాడు.

తేడా వాడికే బాగా తెలుసు. వాడి చేతనే చెప్పించాను. బిళ్ళ యంత్రంలోనుంచి వచ్చేటప్పుడు మహావేగంతో వచ్చి, పోనుపోను నెమ్మదిస్తుంది. పావురం అలా కాదు. నిలిచినచోటునుంచి రెక్క విదిల్చుకుని, పోనుపోను వేగం అందుకుంటుంది. బిళ్ళకు దారి ఒకటే. పావురం గాలిని బట్టి, భయాన్ని బట్టి మెలికలు తిరుగుతుంది. బిళ్ళలోనుంచి కంటికి కనబడేటంత ముక్క ఒక్కటి రాలితే గెలిచినట్టే. పావురానికి ఈక రాలితే చాలదు. చుట్టూ వేసిన పొట్టి కంచెకు లోపలే పడాలి.

"కంచె దాటి పడితే?" అన్నాను.

"దాన్ని లాస్ట్ అంటారు మామయ్యా. లెక్కలోకి రాదు."

"చచ్చినా?"

"చచ్చినా అంతే. సున్నాయే."

ఆ మాట వాడు మామూలుగానే అన్నాడు. నేనూ మామూలుగానే విన్నాను.

మన దేశంలో అది నేరమని మాత్రం చెప్పాను. జంతువులపట్ల క్రూరత్వ నివారణ చట్టం 1960లో వచ్చింది. బంధించిన ప్రాణుల్ని వదిలి కాల్చే పోటీ పెట్టడమూ, అందులో పాల్గొనడమూ కూడా ఆ చట్టం పదకొండో సెక్షనులో నేరాలే. ఆ చట్టానికి దారివేసిన మనిషి నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరండేల్. రాజ్యసభ సభ్యురాలిగా ఆవిడ తెచ్చిన బిల్లు మూలంగానే ప్రభుత్వం కదిలింది. 1962లో యేర్పడ్డ జంతు సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలూ ఆవిడే. చట్టం వున్నంత మాత్రాన మన దగ్గర ఆట యేమీ చిన్నబోలేదు. మన హైదరాబాదు కుర్రాడు కైనన్ చెనాయ్ 2023లో హాంగ్‌జౌ ఏషియాడ్‌లో జట్టుతో కలిసి ట్రాప్ స్వర్ణమూ, విడిగా కాంస్యమూ తెచ్చాడు. ఒక్క ఈక రాలకుండానే!

"అమెరికాలో నేరం కాదుగా మామయ్యా" అని నసిగాడు. నేను పేపర్లలో తల దూర్చాను.

ఇంతలో అమెరికా వెళ్ళనక్కర్లేకుండానే పావురాల గొడవ మా యింటిమీదికి వచ్చింది.

మాది ఐదంతస్తుల భవనం. వెనకవైపు కార్ఖానా రేకుల షెడ్డు. నీళ్ళట్యాంకు కింద, ఏసీ పెట్టెల వెనక, కిటికీ చూరుల్లో యెక్కడ చూసినా పావురాలే. పై అంతస్తులో వుండే రైల్వే రిటైర్డు ఉద్యోగి భార్య ఆరునెలలుగా దగ్గుతున్నది. పావురాల రెట్ట యెండి ధూళి అయి వూపిరితిత్తుల్లోకి పోతే కొందరికి జబ్బుచేస్తుందనీ, ముందు వాటిని దూరం పెట్టమనీ డాక్టరు చెప్పాడట. డాబామీద అందరం సమావేశమయ్యాం. ఒకాయన వలలు కట్టిద్దామన్నాడు. మరొకాయన, "వలలెందుకు దండగ? సారు మేనల్లుడు వున్నాడుగా! ఉప్పల్లో మా బావమరిది దగ్గర గాలితుపాకి వుంది. నాలుగు పడితే మిగతావి వాటంతటవే పోతాయి" అన్నాడు. అందరూ నవ్వారు. నావైపు చూశారు.

శిబిచక్రవర్తి కథ యేటేటా పాఠం చెప్పేవాణ్ణి. చిన్నయసూరి నీతిచంద్రికలో చిత్రగ్రీవుడి పావురాలు వలతో సహా యెగిరిపోయిన ఘట్టం పిల్లలకు కళ్ళకు కట్టించేవాణ్ణి. ఆ సాయంత్రం మాత్రం నా నోట మాట రాలేదు. పైయింటావిడ దగ్గు వినబడుతూనే వుంది. తల వూపానో, వూరుకున్నానో నాకే సరిగా గుర్తులేదు. వూరుకున్నా వూపినట్టే గదా.

ఆదివారం పొద్దున మేనల్లుడు డాబా యెక్కాడు. పావురం ట్యాంకుమీద కూర్చుని వుంది. యెగిరేదాన్ని కొట్టేవాడికి కూర్చున్నది యెంత? కాల్చాడు. నాలుగు ఈకలు లేచాయి. పిట్ట పడలేదు. ఒకవైపు రెక్క వేలాడేసుకుని పిట్టగోడ దాటి వంకరగా పోయి, కార్ఖానా రేకులమీద పడింది.

ఆదివారం గనుక కార్ఖానాకు తాళం. కాపలావాడి దగ్గర నిచ్చెన లేదు. మేం పైనుంచి చూస్తూనే వున్నాం. అది రేకులమీద కాస్త దూరం పాకి ఆగేది. మళ్ళీ పాకేది. యెండ ముదిరింది. రేకులు యెలా కాలుతాయో మన వూళ్ళో చెప్పనక్కర్లేదు. ఒక్కొక్కరే కిందికి దిగిపోయారు. వాడు మాత్రం పొద్దుగూకేదాకా పిట్టగోడ దగ్గరే నిలబడ్డాడు. అన్నానికి పిలిస్తే రాలేదు.

సోమవారం పొద్దున పనివాడొకడు రేకులెక్కి గోనెగుడ్డలో చుట్టి తెచ్చాడు. ప్రాణం పోయి చాలాసేపయింది. మేనల్లుడు దాన్ని చేతుల్లోకి తీసుకుని, "ఇది లాస్ట్ మామయ్యా. లెక్కలోకి రాదు" అన్నాడు. మామూలుగా అనబోయాడు, గొంతు సహకరించలేదు.

అప్పుడు నాకు అర్థమయింది. మట్టిపావురంమీద గురి తప్పితే నష్టం నీ ఒక్కడిదే. నిజం పావురంమీద గురి తప్పితే నీకు వచ్చేది సున్నా, దానికి మాత్రం సున్నా కాదు. ఎంత గొప్పవాడికైనా పాతికలో ఒకటో రెండో తప్పుతాయి. ఆ ఒకటీ రెండూ యెక్కడ పడ్డాయో కాగితంమీది లెక్క చెప్పదు.

ఆ వారమే ఉప్పల్ నుంచి వలలు కట్టే కుర్రాళ్ళను పిలిపించాం. మా బాల్కనీలో పూలకుండీ వెనక గూడూ, అందులో రెండు పిల్లలూ కనబడ్డాయి. యేం చెయ్యాలో తోచక పైయింటావిడనే అడిగాం. "ఇన్నాళ్ళు దగ్గాను, ఇంకో నెల దగ్గలేనా? రెక్కలొచ్చి పోనివ్వండి" అన్నదావిడ. మిగతా ఇళ్ళన్నిటికీ వలలు కట్టి, మాది వదిలేశారు. నెల దాటాక పిల్లలు యెగిరిపోయాయి. మాకూ వల కట్టారు. ఆవిడ దగ్గు ఇప్పుడు బాగా తగ్గింది, మందులవల్లనో, వలలవల్లనో.

అమెరికా స్నేహితుడికి మావాడు యేం రాశాడో నేనడగలేదు. వెళ్ళలేదు. గచ్చిబౌలికి మాత్రం మానకుండా వెళుతున్నాడు. మొన్న వస్తూనే, "ఇరవైమూడు పగిలాయి మామయ్యా!" అన్నాడు.

"మిగతా రెండూ?"

"గడ్డిలో పడ్డాయి. ఒకటి దొరికింది" అని సంచిలోనుంచి నారింజరంగు బిళ్ళ తీసి నా బల్లమీద పెట్టాడు. అంచు కూడా విరగలేదు.

ఇప్పుడది నా పరీక్ష పేపర్లు గాలికి యెగిరిపోకుండా కాపలా కాస్తున్నది.