ప్రోగ్రాముకూ ఒక ట్రంకు పెట్టె



మోస్రాలో బస్సు దిగి, ట్రంకు పెట్టె మోసుకుంటూ హాస్టల్‌కు వచ్చిన రోజు మనందరికీ గుర్తే. హాస్టల్‌లో అన్నం పెడతారు గాని కంచం, గ్లాసు మనవే ఉండాలి. ఇంట్లో మరిచి వస్తే పక్కవాడు తినేదాకా ఆగాల్సిందే. కంప్యూటర్ ప్రోగ్రాము సంగతీ అంతే.

ఈ విషయం మేము దెబ్బ తిని నేర్చుకున్నాం. నిజామాబాద్‌లో చదివేటప్పుడు ముగ్గురం కలిసి సీ ప్లస్ ప్లస్‌లో ఒక ప్రాజెక్టు చేశాం. మాలో ఎవరికీ సొంత కంప్యూటర్ లేదు. మిత్రుని లాప్‌టాప్‌లో చక్కగా నడిచింది. ఎగ్జి ఫైలు ఒక్కటే పెన్‌డ్రైవులో వేసుకొని ల్యాబుకు పోయాం. ఎగ్జామినర్ గారి ముందు తెరిస్తే, ఫలానా డీఎల్ఎల్ ఫైలు లేదని వచ్చింది. "ఇది మీరే చేశారా?" అని అడిగారు. మాకు నోట మాట రాలేదు.

జరిగింది ఇది. బిల్డ్ చేసినప్పుడు మన కోడు ఎగ్జిగా మారుతుంది. మనం వాడుకున్న లైబ్రరీలు మాత్రం చాలావరకు డీఎల్ఎల్ ఫైళ్ళుగా విడిగానే ఉంటాయి. ప్రోగ్రాము నడిచేటప్పుడు కావలసిన ఇలాంటి వాటినే రన్‌టైమ్ ఫైళ్ళు అంటారు. విండోస్ మామూలుగా వీటిని మొదట ఎగ్జి ఉన్న ఫోల్డరులో, తర్వాత సిస్టమ్ ఫోల్డర్లలో, చివరికి 'పాత్'లో రాసి ఉన్న ఫోల్డర్లలో వెతుకుతుంది. మిత్రుని లాప్‌టాప్‌లో ఆ లైబ్రరీ ఫోల్డరు పాత్‌లో ఉంది. ల్యాబులో లేదు.

అందుకే రన్‌టైమ్ ఫైళ్ళను ఎగ్జి పక్కనే ఉంచాలి. చేత్తో కాపీ చేస్తే డీబగ్ ఫోల్డరులో వేసి రిలీజ్‌లో మరిచిపోతాం. ఆ పని బిల్డ్‌కే అప్పగించాలి. విజువల్ స్టూడియోలో ప్రాజెక్టు ప్రాపర్టీస్‌లోని 'పోస్ట్ బిల్డ్ ఈవెంట్'లో ఎక్స్‌కాపీ ఆదేశం రాస్తే, బిల్డ్ అయిన ప్రతిసారీ ఫైళ్ళు వచ్చి చేరతాయి. సీ షార్ప్‌లోనైతే ఆ ఫైలు ప్రాపర్టీస్‌లో 'కాపీ ఇఫ్ న్యూయర్' ఎంచుకుంటే చాలు. సీమేక్ వాడేవారికి 2021లో వచ్చిన 3.21 వెర్షన్ నుంచి, కావలసిన డీఎల్ఎల్‌ల జాబితాను అదే ఇచ్చే ఏర్పాటు ఉంది.

మూడు జాగ్రత్తలు. 64 బిట్ ప్రోగ్రాముకు 32 బిట్ డీఎల్ఎల్ పనికిరాదు. ఇతరులకు ఇచ్చేది రిలీజ్ బిల్డే కావాలి. డీబగ్ రన్‌టైమ్ మామూలు కంప్యూటర్లలో ఉండదు. లేని డీఎల్ఎల్‌ను ఊరూపేరూ లేని వెబ్‌సైట్ల నుంచి తెచ్చుకోవద్దు. దాంతో వైరస్ రావచ్చు.

సొంత కంప్యూటర్ లేని మనం ఒకచోట రాసి మరోచోట చూపించాలి. కాబట్టి ముందురోజే ఫోల్డరు మొత్తం వేరే కంప్యూటర్‌లో నడిపి చూడండి. మేము పడిన అవమానం మీరు పడకూడదనే ఈ నాలుగు మాటలు.