లచ్చన్నగారి మాటలు, మన వంటింటి లెక్కలు

ఎన్నికలొస్తే మన వీధుల్లో మైకులు మోగుతాయి. ఏ అభ్యర్థి ఏం చేస్తానంటున్నాడో మగవాళ్ళు అరుగుల మీద కూర్చుని తేలుస్తుంటారు, మనం లోపల టీ పెడుతూ వింటుంటాం. ఓటు మాత్రం వాళ్ళకీ ఒకటే, మనకీ ఒకటే కదండీ! అందుకే మా జలంత్రకోట, సోంపేట, పలాస వైపు ఇప్పటికీ పేరు చెప్పుకునే ఒక పాత అభ్యర్థి మాటల్ని వంటింట్లోంచి చూద్దామనిపించింది. ఆయన సర్దార్ గౌతు లచ్చన్నగారు.

1909లో బారువలో పుట్టారు. స్వాతంత్ర్య పోరాటంలో జైలుకెళ్ళారు. ఆచార్య రంగాగారికి శిష్యుడు. 1959లో రాజాజీ, రంగా, మినూ మసానీ వంటివారు స్వతంత్ర పార్టీ పెడితే మన వైపు దానికి పెద్దదిక్కు ఈయనే. పార్టీ గుర్తు నక్షత్రం. మనిషి బతుకులో సర్కారు ఎంత తక్కువగా వేలు పెడితే అంత మంచిదని ఆ పార్టీ మాట. అది సంప్రదాయవాదుల పార్టీ అనీ, భూస్వాముల పార్టీ అనీ గిట్టనివాళ్ళు అనేవారు.

ముందు భూమి సంగతి. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెసు మహాసభ ఉమ్మడి సహకార సేద్యం కావాలని తీర్మానించింది. రైతుల భూములన్నీ కలిపి దున్ని, పంటలో భూమికింత, పనికింత అని పంచుకోవడం. స్వతంత్ర పార్టీవాళ్ళు ససేమిరా అన్నారు. ఉమ్మడి కాపురంలో వంట చేసినవాళ్ళకి ఇది నేను విడమరచి చెప్పక్కర్లేదు. అందరిదీ అయిన పొయ్యిలో బూడిద ఎత్తేది ఎప్పుడూ ఒక్కర్తే! ఉద్దానంలో కొబ్బరి మొక్క నాటితే కాపుకి ఏళ్ళు పడుతుంది. తనది కాదనుకున్న మొక్కకి బిందెలతో నీళ్ళెవరు మోస్తారు? ఇక్కడ వాళ్ళ మాటే నాకు సబబనిపిస్తుంది.

కానీ అదే పార్టీ భూపరిమితి కూడా వద్దంది. మరి సెంటు భూమి లేక పరాయి చేలో కలుపు తీసే మనిషి మాటేమిటి? 1967 అక్టోబరు 31న అప్పట్లో మన జిల్లాలోనే ఉన్న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనుల్ని కాల్చి చంపారు. అక్కణ్ణుంచి రాజుకున్న పోరాటం మన ఉద్దానం ఊళ్ళదాకా వచ్చింది. ఉన్నవాడి హక్కు గురించి చెప్పినంత గట్టిగా లేనివాడి సంగతి ఆ పార్టీ చెప్పలేదు.

పర్మిట్లు, లైసెన్సులు, కోటాలు పోవాలన్నారు. పెళ్ళికి పంచదార కావాలంటే పర్మిటు కోసం తిరిగిన కాలం చూసినవాళ్ళెవరైనా దీనికి తలాడిస్తారు.

అసలు చిక్కు మద్యనిషేధం దగ్గరుంది. మద్రాసు ప్రభుత్వం 1948 నాటికి రాష్ట్రమంతా నిషేధం పెట్టింది. సారా, కల్లు అన్నీ బంద్. ఆడవాళ్ళు సంతోషించారు. కానీ తాటిచెట్టే జీవనాధారమైన ఇళ్ళలో పొయ్యి ఆరిపోయింది. మా మామ్మ అప్పటికి కొత్తకోడలు. పక్కింటి గీతవాళ్ళ ఆవిడ గిన్నె పట్టుకుని గంజి కోసం వచ్చి, "సెట్టెక్కితే కేసు, ఎక్కకపోతే పస్తు. ఏటి సేత్తామమ్మా" అనేదట. ఆ మనుషుల తరఫునే లచ్చన్నగారు గీత సత్యాగ్రహం నడిపారు. 1954 నవంబరులో ఈ నిషేధం గొడవ మీదే ప్రకాశంగారి మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది.

విచిత్రమేమిటంటే, ఆ తర్వాత ఆయన చేరిన పార్టీకి పెద్ద అయిన రాజాజీ 1937లోనే సేలం జిల్లాలో నిషేధం మొదలుపెట్టిన మనిషి! ఒకే పార్టీలో ఒకరు కల్లు వద్దనేవారు, ఇంకొకరు గీసేవాడి పొట్ట కొట్టొద్దనేవారు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా పోయింది, 1995 జనవరిలో పూర్తి నిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. నేనైతే దూబగుంట వాళ్ళ పక్షమే. అయినా పాకెట్ సారా అమ్మే కాంట్రాక్టరునీ, పొద్దున్నే మోకు భుజాన వేసుకుని ప్రాణాలకి తెగించి చెట్టెక్కేవాణ్ణీ ఒకే గాటన కట్టడానికి నాకు చేతులు రావు.

లచ్చన్నగారు 1972లో జై ఆంధ్ర ఉద్యమంలో ముందున్నారు, ఎమర్జెన్సీలో జైలుకెళ్ళారు, వెనకబడిన కులాల రిజర్వేషన్ల కోసం పాటుపడ్డారు. 2006లో కన్నుమూశారు. ఆయన మనవరాలు గౌతు శిరీషగారు 2024లో పలాస నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు.

మా మామ్మ ఆ రోజుల్లో ఓటు నక్షత్రానికే వేసిందట. "మరి నువ్వు కల్లుకి ఒప్పుకున్నట్టేనా?" అని చిన్నప్పుడు అడిగాను.

"ఓటు పక్కింటి పొయ్యి కోసం వేశాను. మీ తాతని మాత్రం పాక వైపు వెళ్ళనివ్వలేదు" అంది, చేట పక్కన పెట్టకుండానే.