పాటయు, పరిచర్యయు

సంగారెడ్డినుండి హైదరాబాదునకు పోవు బాటలో పటాన్‌చెరువు, రామచంద్రాపురము అను ఊళ్లు తగులును. 1960వ దశకమున రామచంద్రాపురములో భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ వారి కర్మాగారము వెలసినది. 1972లో పటాన్‌చెరువు చెంత ఇక్రిశాట్ అను వ్యవసాయ పరిశోధన సంస్థ ఏర్పడినది. పిదప మందుల కర్మాగారములు, రసాయన కర్మాగారములు అనేకము లేచినవి. పని వెదకికొనుచు తెలుగు జిల్లాలనుండియే కాక కన్నడ, మరాఠీ, ఒడియా, హిందీ సీమలనుండియు జనులు వచ్చి యిచ్చట కాపురములు పెట్టిరి. తొలినాళ్లలో యువకులై వచ్చినవారు నేడు వృద్ధులు.

వృద్ధులలో కొందరికి డిమెన్షియా అను వ్యాధి కలుగును. దీనిని సామాన్యమైన మతిమరుపుగా ఎంచరాదు. కూరలో ఉప్పు వేసితినా లేదా అని సందేహించుట వేరు. నలువది యేండ్లు వంట చేసిన యిల్లాలు పప్పు ఎట్లు ఉడికించవలెనో మరచుట వేరు. ఈ వ్యాధికి ముఖ్యకారణమైన మెదడు మార్పులను 1906లో ఆల్జీమర్ అను జర్మను వైద్యుడు మొదట వివరించెను. మన దేశమున అరువది యేండ్లు దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా దీనికి లోనైయున్నారని 2023లో ప్రకటితమైన పరిశోధన తెలుపుచున్నది. దీనిని పూర్తిగా నయము చేయు మందు లేదు. కనుక పరిచర్యయే ప్రధానము.

ఆ పరిచర్యలో మిక్కిలి కష్టమైనది స్నానము. రోగి నర్సును గుర్తింపజాలడు. ఎవరో అపరిచితులు వచ్చి తన బట్టలు లాగుచున్నారని తలచి అరచును, చేయి విసరును. చూచువారు దానిని మొండితనమందురు. నిజమునకు అది భయము. "చేయి ఎత్తుము, ఇటు తిరుగుము" అని ఎంత చెప్పినను ఆ మాటలు అతనికి అందవు.

స్వీడను దేశమున ఈవా గోటెల్ అను పరిశోధకురాలును, ఆమె సహచరులును ఈ సమయమునే పరిశీలించి 2002లో ఒక వ్యాసము ప్రకటించిరి. ఉదయము ముఖము కడిగించి బట్టలు తొడుగునపుడు పరిచారికలు తామే పాడిరి. పాట సాగుచుండగా ఆజ్ఞల అవసరము చాలవరకు తగ్గెను. రోగులు తామే చేతులు చాచి సహకరించిరి. పరిచారికలు గాయకురాండ్రు కారని గమనింపుడు.

అయితే ఏ పాట పాడవలెను? అమెరికాలోని అయోవా రాష్ట్రమున లిండా గెర్డ్‌నర్ అను నర్సు 39 మంది రోగులపై జరిపిన పరిశోధనను 2000వ సంవత్సరమున ప్రకటించిరి. మనసునకు విశ్రాంతి నిచ్చునని పేరొందిన శాస్త్రీయ సంగీతము కంటె, రోగి పూర్వము ప్రేమించిన పాటలే అతని కలవరమును ఎక్కువగా తగ్గించెనని ఆమె కనుగొనిరి.

ఇందులకు మెదడులోనే ఒక హేతువు కానవచ్చుచున్నది. చిరకాలముగా ఎరిగిన పాటలు వినునపుడు మేల్కొను మెదడు భాగములు ఆల్జీమర్ వ్యాధిలో ఇతర భాగములకంటె తక్కువగా క్షీణించునని 2015లో లైప్‌జిగ్ నగరపు శాస్త్రజ్ఞులు తెలిపిరి. పేర్లు పోయినను పల్లవి నిలుచుట అందువలననే కావచ్చును.

మన హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టరు సువర్ణ అల్లాడియు, ఆమె సహచరులును 648 మంది రోగులను పరిశీలించి 2013లో మరియొక సంగతి వెల్లడించిరి. రెండు లేక అంతకు మించిన భాషలు మాటలాడువారికి ఈ వ్యాధి నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా వచ్చినదట! చదువురానివారిలో సైతము ఈ భేదము కనబడినది. ఇది సంగీతమును గూర్చిన పరిశోధన కాదు. కాని ఈ ప్రాంతపు వృద్ధుల బ్రతుకు ఒక్క భాషలో గడవలేదని ఇది గుర్తు చేయుచున్నది. ఒక్క తాతకే ఘంటసాల పాటయు, మహమ్మద్ రఫీ పాటయు ప్రియమై యుండవచ్చును. సంగారెడ్డి పల్లెలో పుట్టిన అవ్వకు బతుకమ్మ పాట, నాట్లనాటి పాట తెలియును. ఒడిశానుండి వచ్చిన అవ్వకు జగన్నాథుని భజన తెలియును. అందరికిని ఒకే పాట పెట్టుట అందరికిని ఒకే కళ్లద్దములు తగిలించుట వంటిది. కనుక నర్సు ముందుగా ఇంటివారిని అడుగవలెను: ఇరువదియేండ్ల ప్రాయమున వీరు ఏ పాటలు పాడుకొనెడివారు? ఏ భాషలో?

చలనచిత్రములలో పాట వినగానే పోయిన జ్ఞాపకము మరలి వచ్చుట చూపుదురు. అది కల్పన. 2018లో ఇరువదిరెండు పరిశోధనలను కలిపి పరిశీలించినవారు సంగీతము రోగుల విచారమును కొంత తగ్గించుననియు, జ్ఞాపకశక్తిని మాత్రము చెప్పుకోదగినంతగా పెంచదనియు తేల్చిరి. ఉద్రేకము తగ్గుననుటకును వారికి గట్టి ఆధారము దొరకలేదు. గెర్డ్‌నర్ పరిశోధన చిన్నదని మనము మరువరాదు. ఐనను దిగులు తీరిన ఒక్క పూట రోగికిని, ఇంటివారికిని స్వల్పమైనది కాదని నా తలంపు.

పాట పెట్టువారు ధ్వని తగ్గించి పెట్టవలెను, టెలివిజను ఆపవలెను. సాయంకాలము కలవరపడు రోగికి ఆ వేళకు అరగంట ముందే వినిపించుట మేలు. ఏదైన పాట వినుచు రోగి కన్నీరు పెట్టి కుములుచో వెంటనే దానిని నిలిపి, చెంత కూర్చుండి, ఆ పాట పేరును తరువాతి పూట వచ్చు నర్సుకై పుస్తకమున వ్రాసి యుంచవలెను.