నీళ్లలో కరగని మందులకు నానో రూపం

నోటి ద్వారా తీసుకున్న మందు పేగుల్లోని ద్రవంలో కరిగితేనే రక్తంలోకి చేరుతుంది. కొన్ని మందులు నీళ్లలో కరగనే కరగవన్నంత మొండివి. రక్తంలో కొవ్వును తగ్గించే ఫెనోఫైబ్రేట్, కీమోథెరపీ వల్ల వచ్చే వాంతులను ఆపే అప్రెపిటాంట్ ఈ కోవలోవే. మాత్రలో ఎంత మందు ఉన్నా, కరగని భాగం ఒంటికి పట్టకుండా మలంతో పోతుంది.

మందు కరిగే వేగానికి 1897లో నోయెస్, విట్నీ ఒక సూత్రం ఇచ్చారు. ద్రవానికి తగిలే ఉపరితలం పెరిగేకొద్దీ ఆ వేగమూ పెరుగుతుందని తర్వాతివారు దానికి చేర్చారు. 10 మైక్రాన్ల రేణువును 200 నానోమీటర్ల రేణువులుగా మారిస్తే లక్షా 25 వేలు వస్తాయి. మొత్తం బరువు మారదు, ఉపరితలం మాత్రం 50 రెట్లవుతుంది.

ఇందుకు రెండు దారులున్నాయి. మొదటిది పెద్ద రేణువులను నలగ్గొట్టడం. మందు పొడిని నీళ్లలో కలిపి, సన్నని జిర్కోనియా పూసలు లేదా గట్టి ప్లాస్టిక్ పూసలు వేసి మిల్లులో గంటల తరబడి తిప్పుతారు. పూసల మధ్య పడి స్ఫటికాలు చితికిపోతాయి. రెండోది కరిగిన మందును రేణువులుగా పేర్చడం. మందును ఆల్కహాల్ వంటి ద్రావణిలో కరిగించి, జోరుగా కలుపుతున్న నీళ్లలో పోస్తారు. అక్కడ ఇక కరిగి ఉండలేక మందు సన్నని రేణువులుగా విడిపోతుంది. తేటగా ఉన్న ద్రవం చూస్తుండగానే పాలలా మారుతుంది.

అసలు కష్టం రేణువులను చిన్నవిగా నిలపడంలో ఉంది. ఊరికే వదిలేస్తే అవి ఒకదానికొకటి అంటుకుని గడ్డకడతాయి. పైగా మరీ చిన్నవి కరిగి, ఆ పదార్థం పెద్దవాటి మీద పేరుకుంటుంది. అందుకే ప్రతి రేణువు చుట్టూ పొరలా నిలిచే పాలిమర్లు, సర్ఫాక్టెంట్లు ముందే కలుపుతారు. ఆరబెట్టేటప్పుడు రేణువులు అతుక్కోకుండా చక్కెర జాతి పదార్థాలు చేరుస్తారు.

మార్పిడి చేసిన కిడ్నీని శరీరం తిరస్కరించకుండా కాపాడే సిరోలిమస్‌ను ఇలా మాత్రగా మార్చారు. దానికి 2000లో అమెరికాలో అనుమతి లభించింది. అంతకుముందున్న ద్రవ రూపాన్ని ఫ్రిజ్‌లో దాచాల్సి వచ్చేది, మాత్రకు ఆ అవసరం లేదు. 2003లో అప్రెపిటాంట్, 2004లో ఫెనోఫైబ్రేట్ నానో రూపాలు వచ్చాయి. ఈ ఫెనోఫైబ్రేట్ మాత్రను భోజనంతో సంబంధం లేకుండా వేసుకోవచ్చు.

అయితే ఈ పద్ధతి కరగడాన్నే వేగవంతం చేస్తుంది. కరిగినా పేగు గోడను దాటలేని మందుకు, దాటగానే కాలేయంలో విరిగిపోయే మందుకు రేణువు సైజు తగ్గించినంత మాత్రాన పెద్దగా ఫలితం ఉండదు.