సరాయి గోడలు, పానశాల గోడలు

పదిమంది కోసం కట్టిన ఇంటి స్వభావం దాని గోడలలో తెలుస్తుంది. ఎవరికి ఎవరినుండి రక్షణ కావలసివచ్చిందో అవే చెబుతవి. దీనికి రెండు కట్టడాలను సాక్ష్యంగా తీసుకొందాము.

గోల్కొండ కోటకు సమీపాన షేక్‌పేట సరాయి ఉన్నది. అది 17వ శతాబ్దంలో కుతుబ్‌షాహీల కాలాన వెలసినది. వజ్రాలకు పేరుపొందిన గోల్కొండకు వచ్చే వర్తకులు అక్కడ విడిది చేసేవారు. రెండంతస్తులలో సుమారు ముప్పై గదులు, గుర్రాలకు, ఒంటెలకు శాలలు, ప్రార్థనకు మసీదు ఏర్పరచినారు. ఆ కాలపు సరాయికి సాధారణంగా చుట్టూ గోడ, నడుమ ముంగిలి, రాత్రివేళ మూసివేసే పెద్ద ద్వారము ఉండేవి. దారిదోపిడి భయం బయటిది; కనుక గోడ బయట నిలిచినది. లోపలి ముంగిలి మాత్రం అందరిదీ.

ఇంగ్లండులో 19వ శతాబ్దపు పానశాలను ‘పబ్లిక్ హౌస్’ అన్నారు, అనగా సర్వజనుల ఇల్లు. మన పాలమూరు కల్లు దుకాణానికి పందిరి నీడ చాలును. అక్కడ మాత్రం శిల్పులు శ్రమించినారు. లండనులోని ‘ప్రిన్సెస్ లూయీజ్’ 1872లో కట్టినది. దాని లోపలి అలంకరణ 1891 నాటిది. గోడలకు రంగురంగుల పింగాణీ పలకలు, పువ్వులు చెక్కిన అద్దాలు. నడుమ పెద్ద బల్ల. దాని చుట్టూ చెక్క అడ్డుగోడలతో చిన్న గదులు. ఇటువంటి పానశాలలలో కూలివారిది ఒక గది, పెద్దమనుషులది మరొకటి. ఎవరి వాకిలి వారిది. నేలమాళిగలోని పీపాలనుండి చేతిపంపుతో బీరును పైకి తోడేవారు. బల్ల వెనుకనున్నవాడు అన్ని గదులకూ అందించగలడు, అందరినీ కనిపెట్టగలడు. తాగేవారు ఒకరి కంట ఒకరు పడకుండా మాత్రం అడ్డుగోడలు కాపాడేవి. ఇక్కడి భయం అంతస్తులు కలిసిపోతాయని. కనుక గోడ లోపలికి వచ్చినది.

20వ శతాబ్దంలో అనేక పానశాలలలో ఈ అడ్డుగోడలు తీసివేసినారు. ప్రిన్సెస్ లూయీజ్‌లో 2008లో వాటిని పూర్వపు తీరున తిరిగి నిలిపినారు. ఆ భేదభావం మెచ్చదగినదని కాదు. గోడ లేనిదే అది ఉండెనని నమ్మించుట కష్టము.

మన సరాయిలను బాగుచేయునపుడు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. ముఖద్వారానికి సున్నము కొట్టి, గదులను, పశువులశాలను శిథిలము కానిచ్చినచో మిగిలేది గోడయే. బాటసారి కథ మిగలదు.