జైలు నుండి ఇంటికి వచ్చిన మొదటి నెలలు



ఆపరేషన్ అయిన రోగిని ఇంటికి పంపేటప్పుడు ఆసుపత్రిలో డిశ్చార్జి చీటీ రాసి ఇస్తాము. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలి, కుట్లు ఎప్పుడు తీయించుకోవాలి, ఏ లక్షణం కనబడితే వెంటనే రావాలి, అన్నీ అందులో ఉంటాయి. జైలు నుండి మనిషి ఇంటికి వచ్చినప్పుడు అలా కూర్చోబెట్టి వివరించేవారు చాలా ఇండ్లకు దొరకరు. కాని ఆరోగ్యం సంగతి చూస్తే ఆ రోజులు కూడా అంతే జాగ్రత్తగా గడపవలసినవి.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జైళ్ల నుండి విడుదలైన ముప్పై వేల మందికి పైగా వివరాలు పరిశీలించి 2007లో వైద్యులు ఒక అధ్యయనం ప్రచురించారు. విడుదలైన మొదటి రెండు వారాలలో వారికి మరణ ప్రమాదం అక్కడి సాధారణ ప్రజలకంటే దాదాపు 13 రెట్లు ఎక్కువగా కనబడింది. అందులో మొదటి కారణం మత్తుమందు మోతాదు మించడం. గుండెజబ్బు, హత్య, ఆత్మహత్య కూడా ముఖ్య కారణాలలో ఉన్నాయి.

అది దూరదేశం సంగతి అనుకోకండి. మన నిజామాబాద్ జిల్లాలో కల్తీకల్లు ఉన్నది. డయాజిపామ్, ఆల్‌ప్రాజోలమ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తు, నిద్ర మందులు అందులో కలుపుతారు. రోజూ తాగే శరీరం వాటికి అలవాటు పడిపోతుంది. ఒక్కసారిగా ఆగితే రెండు మూడు రోజులలో చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, లేనిది కనబడినట్టు మాట్లాడడం, ఫిట్స్ రావడం జరుగుతాయి. 2015లో కల్తీకల్లు దొరకనప్పుడు మన జిల్లాలో ఎంతమంది ఈ లక్షణాలతో ఆసుపత్రుల పాలయ్యారో చాలామందికి గుర్తుండే ఉంటుంది. జైలుకు వెళ్లినవారికీ మొదటి రోజులలో ఇదే జరుగుతుంది. ఆ గండం దాటి, నెలల తరబడి మత్తు లేకుండా ఉన్న శరీరం పాత అలవాటు మరచిపోతుంది. అసలు ప్రమాదం ఇక్కడే ఉన్నది. ఇంటికి వచ్చిన సంతోషంలో దోస్తులు కల్లు దుకాణానికి తీసుకుపోతారు. పూర్వం తాగినంతే తాగుతాడు. ఆ మోతాదును శరీరం ఇప్పుడు తట్టుకోలేదు. మీద సారా కూడా పడితే నిద్రలోనే ఊపిరి మందగిస్తుంది. గురక పెట్టి పడుకున్నాడని వదిలేయకండి. పిలిచినా, గిల్లినా లేవకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే 108కి ఫోన్ చేయండి.

రెండవది క్షయ. కిక్కిరిసిన గదులలో అది త్వరగా పాకుతుంది. రెండు వారాలు మించి దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే కఫం పరీక్ష చేయించాలి. జైలులోనే మందులు మొదలుపెట్టి ఉంటే ఆ కార్డు అడిగి తీసుకోండి. దగ్గరి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో చూపిస్తే మిగిలిన మందులు ఉచితంగా ఇస్తారు. చికిత్స కాలంలో పోషకాహారం కోసం నెలకు ఇచ్చే సహాయాన్ని 2024 నవంబరు నుండి వెయ్యి రూపాయలకు పెంచారు. మందులు మధ్యలో మానితే జబ్బు మొండిదవుతుంది. హెచ్.ఐ.వి. మందులకూ ఇదే మాట; వాటికి నిజామాబాద్ ప్రభుత్వ ఆసుపత్రిలోని ఏ.ఆర్.టి. కేంద్రానికి వెళ్లాలి. షుగరు, బి.పి., ఫిట్స్ మందులు ఏమి వాడుతున్నాడో సిగ్గుపడక అడగండి.

ఇక మనసు సంగతి. తల్లులు వచ్చి, "సిస్టరమ్మా, వాడు ఇంటికైతే వచ్చిండు గని ఎవ్వరితోని మాట్లాడ్తలేడు, రాత్రంత కూసునే ఉంటడు" అంటారు. గంట కొడితే లేవడం, గంట కొడితే తినడం అలవాటైన మనిషికి తలుపు తానే తీసుకోవడం కూడా కొత్తగా ఉంటుంది. కొన్ని వారాలు ఓపిక పట్టండి. ప్రశ్నలు తగ్గించి, ఒకే వేళకు అన్నం పెట్టండి. పొలానికో బజారుకో ఎవరైనా తోడు వెళ్లండి. బ్రతికి లాభం లేదన్న మాట ఒక్కసారి అన్నా తేలికగా తీసుకోవద్దు. పురుగుల మందు ఇంట్లో ఉంచవద్దు. 14416 నంబరుకు రాత్రి పగలు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

సంఘ పెద్దలకు నా మనవి ఒకటి. వచ్చిన మొదటి ఆదివారమే అతన్ని ముందుకు పిలిచి సాక్ష్యం చెప్పమనకండి. మన దేశంలో 2022 చివరన జైళ్లలో ఉన్న 5,73,220 మందిలో నూటికి 75 మందికి పైగా విచారణ ఖైదీలే, అంటే తీర్పు ఇంకా రానివారు. కేసు నడుస్తుండగా నలుగురిలో ఏమి చెప్పినా అది అతని మెడకు చుట్టుకోవచ్చు. నేరం చేయనివాడైతే ఆ అవమానం వేరు. వెనుక బెంచీలో కూర్చుంటే కూర్చోనివ్వండి. పాపం భార్య బీడీలు చుట్టి పిల్లలను సాకి ఉంటుంది. ఆమె అడగకముందే ఆ ఇంటి బియ్యం, పిల్లల ఫీజు సంగతి చూడండి.

పడిన పేరు ఎంతకాలం వెంటాడుతుందో బాపట్ల దగ్గరి స్టువర్టుపురం చూస్తే తెలుస్తుంది. 1871 నాటి బ్రిటిషు చట్టం కొన్ని కులాలవారిని పుట్టుకతోనే నేరస్థులన్నది. ఆ ముద్ర పడిన ఎరుకల కుటుంబాలను అక్కడ ఉంచి, ఆ సెటిల్‌మెంటును సాల్వేషన్ ఆర్మీ వారికి అప్పగించారు. పని, బడి దొరికాయి. దానితో పాటు హాజరు వేయించుకోవడం, చెప్పకుండా ఊరు దాటకూడదన్న కట్టడి కూడా ఉన్నాయి. 1952లో చట్టం పోయింది గాని ఊరి పేరు మీద మచ్చ పోలేదు. 1970లలో విజయవాడ నాస్తిక కేంద్రం నుండి లవణం, హేమలత గార్లు ఆ ఊరి కుటుంబాలతో కలిసిమెలిసి పనిచేశారు. ఆ హేమలత గారే తరువాత మన జిల్లాకు వచ్చి వర్ని ప్రాంతంలో జోగినుల కోసం పాటుపడ్డారు. వారు దేవుని నమ్మనివారు. అయినా ఇండ్లలోకి వెళ్లి కూర్చుని మాట్లాడడమన్నది మనం వారి దగ్గర నేర్చుకోదగినదే.

చివరకు అన్నీ పని దగ్గరికే వస్తాయి. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. అక్కడి సీజను పని ఇప్పుడు లేదు. తెలంగాణ జైళ్ల శాఖ తన పెట్రోలు బంకులలో ఖైదీలకు, విడుదలైనవారికి పని ఇస్తున్నది. 2024 జూలైలో ఒకేసారి 213 మందిని విడుదల చేసినప్పుడు వారిలో కొందరికి అక్కడ పని చూపించారు. సంఘంలో దుకాణం, ట్రాక్టరు, రైసుమిల్లు ఉన్నవారు ఒక్కరికి రోజు కూలి పనైనా ఇవ్వగలరు. నగదు పెట్టె అప్పగించనక్కరలేదు. బస్తాలు మోసే పనితో మొదలుపెట్టవచ్చు.

మన పిల్లలలో చాలామంది దుబాయి పోదామనే చూస్తారు. కోర్టులో కేసు ఉండగా పాస్‌పోర్టు నిరాకరించవచ్చు. ఆ కోర్టు అనుమతి తెచ్చుకుంటే వచ్చే వీలున్నది. కేసు దాచి దరఖాస్తు చేస్తే అది మరో కేసు అవుతుంది. కాబట్టి "నేను చూసుకుంటా" అనే ఏజెంటుకు డబ్బు కట్టవద్దు. బెయిలు మీద ఉన్నవారు వాయిదా తేదీ తప్పితే వారంటు వస్తుంది. ఆ కాగితం మాత్రల డబ్బాలోనే పెట్టుకుంటే రోజూ కంటపడుతుంది. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే నిజామాబాద్ కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి. ఫోన్ నంబరు 15100.