రాత్రి డ్యూటీ, పగటి నిద్ర
రాత్రి డ్యూటీ ముగిసిన నర్సు పడుకునే వేళకు తెల్లారిపోతుంది. మెదడులోని సుమారు 24 గంటల జీవగడియారం అప్పుడు శరీరాన్ని మేల్కొలుపుతుంటుంది; నిద్రవేళను తెలిపే మెలటోనిన్ తగ్గిపోతుంది. అందుకే పగటి నిద్ర కురచ, పైగా కలత నిద్ర. వేగంగా నడవడం, సైకిల్ తొక్కడం, ఈత వంటి ఏరోబిక్ వ్యాయామం క్రమం తప్పకుండా చేస్తే నిద్ర నాణ్యత మెరుగుపడుతుంది, ఆందోళన తగ్గుతుంది. పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. వార్డులో ఆగి ఆగి తిరిగే నడక, ఎంత అలసట తెచ్చినా, గుండె వేగాన్ని నిలకడగా పెంచదు. అందుకే ఆ నడక వ్యాయామానికి సాటి కాదు. పడుకోబోయే ముందు గంటలో తీవ్రంగా వ్యాయామం చేస్తే నిద్ర పట్టడం ఆలస్యం కావచ్చు. లేచాక, డ్యూటీకి ముందు చేయడం మేలు. వరుస రాత్రులు పడినప్పుడు అరగంట నడకైనా చాలు. పడకగదికి మందపాటి తెరలు కట్టడం అంతకన్నా ముందు చేయాల్సిన పని.